హక్కుల్ని కాలరాసే దేశాలతో ప్రజాస్వామ్యాలు పొత్తు పెట్టుకోవచ్చా?

సూటిమాట

2018 అక్టోబరు 2న సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగీ పెళ్ళి కాగితాల కోసం ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోకి వెళ్ళాడు. లోపలే చంపేశారు, శవం కూడా దొరకలేదు. మరుసటి ఏడాది ఎన్నికల ప్రచారంలో జో బైడెన్ సౌదీని వెలేస్తానన్నాడు. 2021 ఫిబ్రవరిలో, ఆ ఆపరేషన్‌కి యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ ఆమోదం ఉందన్న నిఘా సంస్థల అంచనాని ఆయన ప్రభుత్వమే బయటపెట్టింది. 2022 జులైలో అదే బైడెన్ జెడ్డా వెళ్ళి, అదే యువరాజుతో పిడికిలికి పిడికిలి తాకించాడు. ఈలోగా యువరాజేమీ మారలేదు. రష్యా ఉక్రెయిన్ మీద పడింది, చమురు ధర పెరిగింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇలాంటి పొత్తులు కూడదు. వ్యాపారం, రాయబార కార్యాలయం, ఐరాసలో పక్కపక్కన కూర్చోవడం, వీటి జోలికి నేను పోవట్లేదు. అవి లేకుండా ప్రపంచం నడవదు. ఆయుధాలిచ్చి, సైనిక స్థావరాలు తెరిచి, పోలీసులకు శిక్షణ ఇచ్చి, పైగా ‘మా మిత్రదేశం’ అని భుజం తట్టడం గురించే అడుగుతున్నా. మీరేమంటారు?

చరిత్రపురుగు

1941 జూన్ 22న మీరు చర్చిల్ కుర్చీలో ఉంటే ఏం చేసేవారు? హిట్లర్ సోవియట్ మీద పడ్డ రోజు అది. అప్పటికే స్టాలిన్ ఖాతాలో ఉక్రెయిన్ కరువుంది, 1937–38 నాటి సామూహిక హత్యలున్నాయి, హిట్లర్‌తో కలిసి పోలండ్‌ని పంచుకోవడమూ ఉంది. చర్చిల్‌కి ఇవన్నీ తెలుసు. ఆ రాత్రి రేడియోలో, కమ్యూనిజం గురించి ఇన్నాళ్ళూ అన్నదాంట్లో ఒక్క మాటా వెనక్కి తీసుకోనంటూనే సాయం ప్రకటించాడు. ఆ తర్వాత అమెరికా లెండ్-లీజ్ అనే యుద్ధసాయ పథకం కింద సుమారు 1,100 కోట్ల డాలర్ల సరుకు పంపింది: లారీలు, రైలింజన్లు, బూట్లు, తిండి. జర్మన్ సైన్యం నడుం విరిగింది తూర్పు రంగంలోనే.

‘కూడదు’ అన్న సూత్రం ఆ రోజు పాటించి ఉంటే ఆష్విట్జ్ నాజీ మరణశిబిరం గేట్లు ఎవరు తెరిచేవారు?

సూటిమాట

ఈ చర్చ ఎక్కడ మొదలైనా స్టాలిన్ దగ్గరికే వస్తుందని తెలుసు :) ఇల్లు కాలుతున్నప్పుడు బిందె ఎవరిదని అడగరు, ఒప్పుకుంటా. కానీ 1945 ఫిబ్రవరి 14న క్విన్సీ నౌక మీద రూజ్‌వెల్ట్ సౌదీ రాజు ఇబ్న్ సౌద్‌ని కలిసినప్పుడు మొదలైన బంధం ఎనభై ఏళ్ళుగా నడుస్తోంది. ఎనభై ఏళ్ళపాటు కాలే ఇల్లు ఎక్కడుందండీ?

నిశాచరి

చరిత్రపురుగు గారూ, స్టాలిన్‌తో చెయ్యి కలపడం దాకా మీతోనే ఉన్నాను. కాటిన్ సంగతేమిటి మరి?

1940 వసంతంలో దాదాపు 22,000 మంది పోలండ్ వాళ్ళని, సైన్యాధికారులు, పోలీసులు, డాక్టర్లు, లాయర్లు, సోవియట్ రహస్య పోలీసులు కాల్చి పూడ్చిపెట్టారు. 1943 ఏప్రిల్‌లో ఆ గోతులు జర్మన్ల కంటబడ్డాయి. లండన్‌లో తలదాచుకుంటున్న పోలండ్ ప్రవాస ప్రభుత్వం రెడ్‌క్రాస్ విచారణ అడిగింది. స్టాలిన్ దాన్నే నేరంగా చూపించి వాళ్ళతో సంబంధాలు తెంచుకున్నాడు. ఆ పోలిష్ ప్రభుత్వం దగ్గర బ్రిటన్ తరఫున రాయబారిగా ఉన్న ఓవెన్ ఓమాలీ ఉన్న ఆధారాలన్నీ కూడదీసి, ఇది సోవియట్ల పనేనని తేలుతోందని రహస్య నివేదిక రాశాడు. చర్చిల్ చదివాడు, రూజ్‌వెల్ట్‌కీ పంపాడు. బయటికి మాత్రం ఇద్దరూ పెదవి విప్పలేదు. చివరికి మాస్కో తప్పు ఒప్పుకుంది 1990లో.

బ్రిటన్ యుద్ధంలోకి దిగిందే పోలండ్ కోసం. ఆ పోలండ్ తన శవాల్ని లెక్కపెట్టుకుంటుంటే, గొడవ చెయ్యకండి అని చెప్పిందీ బ్రిటనే. నా అభ్యంతరం ఇక్కడ. లారీలిచ్చినందుకు నాకే బాధా లేదు. లారీలతోపాటు హంతకుడి అబద్ధాన్ని కూడా మోశారు చూడండి, అది పొత్తు ఒప్పందంలో ఎక్కడా రాసిలేదు.

దారినపోయే దానయ్య

నోరు తెరిచి ఉంటే స్టాలిన్ చెయ్యి వదిలేసేవాడు కదమ్మా. అబద్ధాన్ని మోయకుండా లారీలు మాత్రం తోలే మార్గం ఉందా?

నిశాచరి

వదిలి ఎక్కడికెళ్తాడు? స్టాలిన్‌గ్రాడ్ ముగిసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. కుర్స్క్ యుద్ధం ఇంకా ముందుంది. మనకి అతనెంత అవసరమో అతనికీ మనం అంతే అవసరం. ప్రజాస్వామ్యాలు ఈ లెక్క ఎప్పుడూ తమకి నష్టం వచ్చేలాగే వేసుకుంటాయి.

ఉత్తరాయణం

లెక్కల మాటొచ్చింది కాబట్టి ఒకటి చెబుతా. 2001 తర్వాత అఫ్గానిస్తాన్ యుద్ధం కోసం ఉజ్బెకిస్తాన్‌లోని కర్షీ-ఖానాబాద్ స్థావరాన్ని అమెరికా వాడుకుంది. 2005 మే 13న అందిజాన్‌లో అధ్యక్షుడు కరీమోవ్ సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. ప్రభుత్వ లెక్క 187 మంది, ప్రత్యక్ష సాక్షుల లెక్కల్లో వందలు. నిశాచరి గారు కోరుకున్నట్టే అమెరికా నోరు తెరిచింది, అంతర్జాతీయ విచారణ కావాలంది, సరిహద్దు దాటిన శరణార్థుల్ని విమానంలో తరలించడానికి మద్దతిచ్చింది. జులై చివర్లో తాష్కెంట్ నుంచి నోటీసు: ఆరు నెలల్లో ఖాళీ చెయ్యండి. నవంబరుకల్లా స్థావరం ఖాళీ. కరీమోవ్ మాస్కో, బీజింగ్ వైపు జరిగాడు. యూరప్ ఆయుధ నిషేధం పెట్టి, విచారణ జరక్కుండానే 2009లో ఎత్తేసింది. కరీమోవ్ 2016లో చనిపోయేదాకా గద్దె మీదే ఉన్నాడు.

అందిజాన్ తల్లులకు ఏం ఒరిగింది?

ఇప్పుడు ఇంకో కథ. 1980లో దక్షిణ కొరియా సైనిక పాలకుడు చున్ దూ-హ్వాన్ ప్రతిపక్ష నేత కిమ్ దే-జుంగ్‌కి మరణశిక్ష వేయించాడు. అమెరికా వేదికలెక్కి తిట్టలేదు, తెరవెనుక బేరమాడింది. ఉరి తప్పిస్తే వైట్‌హౌస్‌కి ఆహ్వానిస్తాం అంది. 1981 జనవరిలో ఉరిశిక్ష యావజ్జీవమైంది, ఫిబ్రవరిలో రీగన్ చున్‌కి తలుపు తీశాడు. ఆ కిమ్ దే-జుంగే 1998లో దేశాధ్యక్షుడయ్యాడు, 2000లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. పొత్తు లేకపోతే ఆ బేరమే లేదు. మీ నిజాయితీ కన్నా ఆయన మెడ నాకు ముఖ్యం.

చిన్నక్షరం

ఉత్తరాయణం గారూ, కిమ్ బతికాడు, సంతోషం. అదే 1980 మేలో గ్వాంగ్జులో చనిపోయినవాళ్ళ సంగతి ఎందుకు దాటేశారు? తిరగబడ్డ ఊరి మీదికి చున్ సైన్యాన్ని పంపాడు. ఉమ్మడి సైనిక కమాండ్ అమెరికన్ జనరల్ చేతిలో ఉన్న దేశం అది. వాళ్ళని కాల్చినవాడు ఏడాది తిరక్కుండా వైట్‌హౌస్‌లో ఫొటో దిగాడు. ఆ ఫొటో కొరియా కుర్రాళ్ళు మర్చిపోలేదు. 1982లో బుసాన్‌లోని అమెరికన్ సాంస్కృతిక కేంద్రానికి నిప్పు పెట్టారు. అంతకుముందు అమెరికా అంటే అభిమానమే ఉన్న దేశంలో ఒక తరం మొత్తం దూరమైంది. 1987 జూన్‌లో ప్రజాస్వామ్యం తెచ్చుకున్నది కూడా రోడ్ల మీదికొచ్చిన జనమే.

మీ లెక్కలో ఒక మెడ ఉంది, ఒక ఊరు లేదు.

ఉత్తరాయణం

ఊరిని కాపాడే అవకాశం బేరం నాటికి లేదు. మెడని కాపాడే అవకాశం ఉంది. ఉన్నది వాడుకున్నారు.

పాతరేడియో

అందరూ అమెరికానే ఉతుకుతున్నారు. ఉతకాల్సిందే, అందులో సందేహం లేదు. 1971 ఏప్రిల్ 6న ఢాకాలోని అమెరికన్ కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, తూర్పు పాకిస్తాన్‌లో ఊచకోత జరుగుతోంది, మన ప్రభుత్వం నైతికంగా దివాలా తీసింది అంటూ తన కింది అధికారుల అసమ్మతి తంతిని వాషింగ్టన్‌కి పంపాడు. ఆయన్నే అక్కణ్ణుంచి పీకేశారు. పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ అంటే నిక్సన్, కిసింజర్‌లకి అంత ప్రేమ దేనికి? చైనాకి రహస్య దారి ఆయనే. జులైలో కిసింజర్ పాకిస్తాన్ వెళ్ళి, కడుపునొప్పి అని కబురు పుట్టించి, అక్కణ్ణుంచే బీజింగ్ విమానమెక్కాడు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఇప్పుడు మన వైపు చూద్దాం. 1971 ఆగస్టు 9న భారత్ ఎవరితో ఒప్పందం చేసుకుంది? సోవియట్ యూనియన్‌తో. చెకొస్లొవాకియా రాజధాని ప్రేగ్ వీధుల్లోకి ట్యాంకులు తోలి అప్పటికి మూడేళ్ళే అయింది. అసమ్మతివాదుల్ని పిచ్చాసుపత్రుల్లో పడేస్తున్న ప్రభుత్వం అది. ఆ పొత్తు లేకపోతే డిసెంబరులో భద్రతా మండలిలో సోవియట్ వీటోలు ఉండేవి కావు. ఢాకా చేరేలోపే కాల్పుల విరమణ మెడకి చుట్టుకునేది. కోటి మంది శరణార్థులు మన శిబిరాల్లోనే ఉండిపోయేవారేమో.

అంటే ఒక ప్రజాస్వామ్యం హక్కులు తొక్కే దేశం అండతో, ఇంకో ప్రజాస్వామ్యం వెనకేసుకొస్తున్న ఊచకోతని ఆపింది. సూటిమాట గారి ‘కూడదు’ ఈ ముడిని ఎలా విప్పుతుందో చూడాలనుంది.

దానికి బిల్లు కూడా వచ్చింది, అదీ చెప్పాలి. 1980 జనవరిలో అఫ్గానిస్తాన్‌లో సోవియట్ దురాక్రమణ మీద ఐరాస సర్వసభ్య సభ తీర్మానానికి 104 దేశాలు ఓటేస్తే మనం తటస్థంగా కూర్చున్నాం. ప్రేగ్ విషయంలో 1968లోనే భద్రతా మండలిలో తటస్థం, అప్పటికింకా ఒప్పందం కూడా లేదు. 2021లో మయన్మార్ సైనిక కుట్ర మీద తీర్మానానికీ తటస్థమే. 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, అవతల చైనా ఉంది, తెలుసు. కానీ అమెరికాని ఏ నోటితో అడుగుతున్నామో ఆ నోటితోనే ఇదీ చెప్పుకోవాలి.

దారినపోయే దానయ్య

పాతరేడియో గారు స్టేషన్ బాగా పట్టారు.

సూటిమాట

ముడి విప్పలేను, నిజమే. కానీ గమనించండి, 1971 ఒప్పందంతో భారత్ సోవియట్ పోలీసుల చేతికి లాఠీలివ్వలేదు. ఆ పొత్తు మాస్కోలో ఒక్క ఖైదీ బరువునీ పెంచలేదు. నా అభ్యంతరం మనమిచ్చిన తుపాకీ వాళ్ళ సొంత జనం మీదికి తిరిగే పొత్తుల మీద.

పాతరేడియో

తుపాకీ అక్కర్లేదు, తటస్థ ఓటు చాలు. కాబూల్‌లో ఉన్నవాడికి ఆ తేడా తెలియదు.

నిర్వాహకులు

రెండు పోస్టులు తీసేశాం. ఇప్పటి ఎన్నికలు, పార్టీల పేర్లు ఇక్కడొద్దు, వాటికి వేరే విభాగం ఉంది. చర్చ బాగుంది, కొనసాగించండి.

లాయరుకోటు

ఇంతసేపూ ‘అమెరికా చేసింది’, ‘బ్రిటన్ చేసింది’ అంటూ దేశాల్ని ఒక్కో మనిషిలా మాట్లాడుతున్నాం. నియంత దేశానికి అది సరిపోతుంది. ప్రజాస్వామ్యంలో ప్రభుత్వం ఒక్కటే ఉండదు కదా. దక్షిణాఫ్రికా చూడండి. రీగన్ వర్ణవివక్ష ప్రభుత్వంతో ‘నిర్మాణాత్మక సంబంధాలు’ నెరపాడు. విశ్వవిద్యాలయాల్లో పిల్లలు, చర్చీలు, కార్మిక సంఘాలు ఊరుకోలేదు. 1986లో అమెరికా కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) ఆంక్షల చట్టం చేసింది, రీగన్ వీటో చేశాడు, సెనేట్ 78–21తో ఆ వీటోని కొట్టేసింది. సొంత పార్టీవాళ్ళే ఎదురు ఓటేశారు. చిలీకి ఆయుధాలు ఆపిందీ 1976లో కాంగ్రెస్సే. సౌదీకి బ్రిటన్ ఆయుధాలమ్మే తీరు చట్టవిరుద్ధమని 2019 జూన్‌లో లండన్ అప్పీలు కోర్టు చెప్పింది (మరుసటి ఏడాది ప్రభుత్వం లెక్కలు సరిచేసుకుని మళ్ళీ మొదలెట్టింది, అది వేరే ఏడుపు).

కాబట్టి నేను చూసేది పొత్తు ఉందా లేదా అని కాదు, అది రహస్యమా బహిరంగమా అని. బహిరంగంగా ఉన్నదాన్ని పార్లమెంటు, కోర్టు, పత్రిక ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటాయి. రహస్యంగా ఉన్నది మన ఇంటినే తినేస్తుంది.

దానికి ఉదాహరణ లిబియా. 2004 మార్చిలో లిబియా నియంత గడాఫీ వ్యతిరేకి అబ్దుల్ హకీం బెల్హాజ్‌నీ, గర్భవతి అయిన ఆయన భార్య ఫాతిమా బౌద్‌చర్‌నీ బ్యాంకాక్‌లో పట్టుకుని ట్రిపోలీకి పంపారు. విమానం సీఐఏది, సమాచారం బ్రిటిష్ నిఘా సంస్థది. అదే నెలలో టోనీ బ్లెయిర్ గడాఫీ గుడారంలో కరచాలనం చేశాడు. బెల్హాజ్‌ని ఏళ్ళ తరబడి జైల్లో హింసించారు. ఇదంతా ఎలా బయటపడింది? 2011లో ట్రిపోలీ పడిపోయాక లిబియా నిఘా కార్యాలయంలో ఉత్తరాలు దొరికాయి. బ్రిటిష్ నిఘా అధికారి ఒకరు లిబియా గూఢచారి పెద్దకి, ‘సరుకు’ క్షేమంగా చేరినందుకు అభినందనలు రాశాడు. 2018 మేలో థెరెసా మే ప్రభుత్వం ఆ దంపతులకి క్షమాపణ చెప్పింది. ఆమెకి 5 లక్షల పౌండ్ల పరిహారం. ఆయన డబ్బు అడగలేదు, క్షమాపణ ఒక్కటే అడిగాడు.

గడాఫీ తన అణు కార్యక్రమాన్ని వదులుకుంటున్న రోజులవి. ఆ చర్చలు జరగాల్సిందే. గర్భవతిని విమానంలో కట్టేసి పంపడం ఆ చర్చల్లో భాగమా?

ఉత్తరాయణం

కాదు. దాన్ని ఎవరూ సమర్థించలేరు, నేనూ సమర్థించను. కానీ మీ దక్షిణాఫ్రికా ఉదాహరణకి అవతలి ముఖం కూడా ఉంది. మండేలా జైలు నుంచి వచ్చాక అమెరికా టీవీలో నిలదీశారు, గడాఫీ, క్యాస్ట్రోలతో స్నేహమేమిటని. మా పోరాటానికి సాయం చేసినవాళ్ళని మీ శత్రువులన్న కారణంగా వదులుకోం అన్నట్టు జవాబిచ్చాడు. మానవ హక్కుల ప్రతిమగా మనం పూజించే మనిషే! కష్టంలో ఉన్నవాడు సాయం చేసే చేతికి మరకలున్నాయా అని చూడడు. దేశాలూ అంతే.

చిన్నక్షరం

మండేలా అప్పుడు ప్రభుత్వం కాదండీ. 27 ఏళ్ళు జైల్లో ఉన్నవాడు. ఆయనకి వేరే చేతులు దొరికాయా? ప్రజాస్వామ్యాలు ఆ చేతులు చాచలేదు కాబట్టే క్యాస్ట్రో చాచాడు. 1946లోనే దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకున్న మొదటి దేశం భారత్, పాతరేడియో గారు మన ఖాతాలో దీన్ని కూడా వేసి ఉండాల్సింది.

చరిత్రపురుగు

ఉత్తరాయణం గారి ఉజ్బెకిస్తాన్‌కి జవాబు ఎవరూ ఇవ్వలేదు. అది ఇండోనేషియాలో ఉంది.

1975 డిసెంబరు 6న ఫోర్డ్, కిసింజర్ జకార్తాలో ఇండోనేషియా నియంత సుహార్తోని కలిశారు. మర్నాడు ఇండోనేషియా సైన్యం తూర్పు తైమూర్‌లో దిగింది, ఎక్కువగా అమెరికన్ ఆయుధాలతోనే. పాతికేళ్ళలో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. ఇన్నేళ్ళూ ‘వాళ్ళు మన మాట వినరు’ అన్నదే వాదన. 1999 ఆగస్టు 30న రెఫరెండం జరిగింది, 78.5 శాతం స్వాతంత్ర్యానికి ఓటేశారు. సైన్యం అండతో ముఠాలు ఊళ్ళు తగలబెట్టాయి. సెప్టెంబరు 9న క్లింటన్ సైనిక సంబంధాలు ఆపేశాడు, అప్పులిచ్చే సంస్థలూ ముఖం చాటేశాయి. 12న ఇండోనేషియా అధ్యక్షుడు హబీబీ అంతర్జాతీయ దళానికి ఒప్పుకున్నాడు. 20న ఆస్ట్రేలియా నాయకత్వంలో దళం తూర్పు తైమూర్ రాజధాని దిలీలో దిగింది.

పాతికేళ్ళు కుదరదన్న పని మూడు రోజుల్లో అయింది.

ఉత్తరాయణం

అయింది, ఎందుకంటే 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత ఇండోనేషియాకి ఐఎంఎఫ్ డబ్బు తప్ప గతి లేదు. సుహార్తో అప్పటికే దిగిపోయాడు. కరీమోవ్‌కి పక్కనే రష్యా, చైనా ఉన్నాయి. మీ మీటకి పవర్ ఎక్కడుందో చూడకుండా నొక్కితే లైటు వెలగదు.

నిశాచరి

సరిగ్గా అదే నా మాట కూడా! పవర్ ఉందో లేదో తెలియాలంటే ఎప్పుడో ఒకసారి నొక్కాలి. 1975లో నొక్కలేదు. 1991లో దిలీలోని శాంతాక్రూజ్ శ్మశానంలో ఊరేగింపు మీద కాల్పులు జరిగి, ఆ దృశ్యాలు వీడియోలో ప్రపంచమంతా చూశాక కూడా గట్టిగా నొక్కలేదు. అందిజాన్ విషయంలో చేజారింది ఒక స్థావరం. తూర్పు తైమూర్‌లో నొక్కకపోవడం వల్ల పోయింది మనుషులు. రెంటినీ ఒకే తక్కెడలో వెయ్యకండి.

దారినపోయే దానయ్య

పాత కథలు చాలు. ఈజిప్టుకి అమెరికా ఏటా 130 కోట్ల డాలర్ల సైనిక సాయమిస్తోంది. 2013 ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో ఒక్క రోజులో కనీసం 817 మందిని చంపారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క. సూయజ్ కాలువ వాళ్ళ చేతిలో, గాజా సరిహద్దు వాళ్ళ చేతిలో. మీటా ఉంది, పవరూ ఉంది. మీలో ఎవరు నొక్కుతారు?

సూటిమాట

నేను. మొత్తం.

ఉత్తరాయణం

నేను నొక్కను. అడిగిన ఖైదీల పేర్లు విడుదల జాబితాలో కనిపించేదాకా కొంత ఆపి, కొంత ఇస్తాను.

లాయరుకోటు

చట్టం ప్రకారం నొక్కాల్సింది ముందే. ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యం కూలదోస్తే సాయం ఆగాలని అమెరికా చట్టమే అంటోంది. 2013 జులైలో ఎన్నికైన ఈజిప్టు అధ్యక్షుడు మోర్సీని దించాక అమెరికా ప్రభుత్వం ఏం చేసిందంటే, అది కుట్రో కాదో తేల్చాల్సిన అవసరం తమకి లేదని తేల్చింది! చట్టాన్ని ఉల్లంఘించలేదు, చదవడం మానేసింది. అక్టోబరులో కొంత ఆపి, 2015లో మళ్ళీ వదిలారు.

ఉత్తరాయణం గారి ‘కొంత ఆపి, కొంత ఇచ్చి’ పద్ధతి కూడా చేసి చూశారు. 2022 జనవరిలో హక్కుల షరతులు నెరవేరలేదని 13 కోట్ల డాలర్లు కోసేశారు. అదే వారంలో 250 కోట్ల డాలర్ల విమానాలు, రాడార్లు అమ్మడానికి ఆమోదం ఇచ్చారు.

ఉత్తరాయణం

అదే వారంలోనా?

లాయరుకోటు

మూడు రోజుల తేడా. ముందు అమ్మకం, తర్వాత కోత.